అట్ట మీద నవ్వకూడదు

“మళ్ళీ నవ్వావు, ట్రెవర్!” ఫొటోగ్రాఫర్ తల పట్టుకున్నాడు. “న్యూవేవ్ పాటల బ్యాండు మొదటి రికార్డు అట్ట మీద ఎవడైనా నవ్వుతాడా? శవం దగ్గర నిలబడ్డట్టుండాలి!”

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో మూతబడ్డ ఉక్కు కార్ఖానా ముందు, కాటుక పెట్టుకున్న నలుగురు కుర్రాళ్ళు పెదాలు బిగబట్టారు. ఆనందం ఆగితేనా!

“మీరైనా వీళ్ళని కాస్త ఏడిపించండమ్మా,” అని అతను ట్రెవర్ తల్లిని బతిమాలాడు.

ఫ్లాస్కుతో టీ తెచ్చిన డోరీన్ కుర్రాళ్ళ వైపు తిరిగింది. “ఒరేయ్, ఇకమీదట మీ ప్రతి కచేరీకీ వస్తాను. ముందు వరసలోనే కూర్చుంటాను.”

“అమ్మా, వద్దే!”

నలుగురి మొహాలూ మాడిపోయాయి. కెమెరా క్లిక్‌మంది.

“అద్భుతం! భలే అబద్ధం చెప్పారమ్మా!”

“అవునయ్యా,” అంటూ డోరీన్ కోటు జేబులో చెయ్యి పెట్టి, వాళ్ళ రాబోయే మొదటి కచేరీకి అప్పటికే కొనుక్కున్న టిక్కెట్టును ఇంకాస్త లోపలికి తోసింది.