నాలుగో మంచం కేసు

"చొక్కా విప్పండి," అంది తేజశ్రీ, వాచీ చూసుకుంటూ.

నాలుగో మంచం మీది పెద్దాయన గుండీలు విప్పుకున్నాడు.

ఏలూరులో ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు ప్రాక్టికల్ పరీక్ష అది. ఆ రోజు ఆఖరి నంబరు తేజశ్రీదే. రాయడం మూడోసారి. రెండుసార్లూ గుండె కేసు దగ్గరే తప్పింది. ఈసారీ తప్పితే చదివింది చాలు, ఇంటికి వచ్చెయ్యమని ముదినేపల్లి నుంచి నాన్న ఫోన్లో తేల్చి చెప్పేశాడు.

పాఠాలకేం, కంఠతా వచ్చు. ఎప్పుడో రిటైరైన భీమశంకరం మాస్టారి నోట్సు, జిరాక్సుకు జిరాక్సు తీసి అక్షరాలు అలుక్కుపోయినా, కాలేజీలో అందరికీ అదే వేదం. మొండికేసిందల్లా ఆమె చెవే.

ఉన్నది పది నిమిషాలు. స్టెతస్కోపు పెట్టింది.

"పేరు అడగలేదేమ్మా?" అన్నాడాయన మెల్లగా.

"టైం లేదండీ. కదలకండి."

ఇక్కడ పెట్టింది, అక్కడ పెట్టింది. ఏమీ తెలియలేదు. చెమటలు పట్టాయి. పరీక్షలకు ఏటేటా వచ్చే రోగులకు తమ జబ్బు పేరు నోటికొచ్చేసి ఉంటుందని సీనియర్లు చెప్పింది గుర్తొచ్చింది.

"ఏవండీ, మీ జబ్బేంటో డాక్టర్లు చెప్పే ఉంటారు. కాస్త చెప్పండి, మీకు పుణ్యం ఉంటుంది."

ఆయన నవ్వాడు. ఆ కాస్తకే ఆయాసం వచ్చింది.

"నేను చెబితే ఇవాళ పాసవుతావు. రేపు కొల్లేటి లంకల్లో ఎవరో నీ ముందు పడుకుంటే ఎవరు చెబుతారు తల్లీ?"

అని ఎడమ పక్కకు ఒత్తిగిలాడు.

"ఊపిరి వదిలి బిగబడతాను. ఇప్పుడు విను. తొందరపడకు."

వింది. దూరంగా గూడ్సు బండి వెళుతున్నట్టు గుడగుడ. ఇన్నాళ్లూ నోట్సులోనే ఉన్న చప్పుడు! ఏడుపొచ్చినంత పనైంది.

గంట మోగింది.

"కాస్త లేపి కూర్చోబెట్టి వెళ్లమ్మా. పడుకుంటే ఊపిరాడదు."

"నర్సుకి చెబుతానండీ!" అంటూ పరుగెత్తింది. చెప్పడం మరిచిపోయింది.

పది రోజులకు రిజల్ట్స్ వచ్చాయి. పాసైంది. స్వీటు బాక్సుతో వార్డుకొచ్చి, అటెండరు యోసేపుని పట్టుకుంది.

"నాలుగో మంచం పెద్దాయనది ఏ ఊరండీ? ఒక్కసారి దణ్ణం పెట్టుకొస్తాను."

యోసేపు చేతిలోని దుప్పట్లు కింద పెట్టాడు.

"తాడేపల్లిగూడెం. మొన్న ఆదివారం పోయారమ్మా. మీ పరీక్ష రోజు రావలసిన కేసు రాలేదు. గుండె కేసు లేకపోతే పరీక్ష వాయిదా అన్నారు. 'నా గుండె ఉందిగా' అని పక్క వార్డులో చేరి ఉన్న ఆయనే వచ్చి పడుకున్నారు. వద్దంటే వినలేదు."

"ఆ రోజు... ఆయన్ని ఎవరు లేపారండీ?"

"నేనేనమ్మా, అరగంటకి. రొప్పుతున్నారు. అప్పుడు కూడా 'ఆ పిల్ల వినేసింది యోసేపూ' అని ఒకటే సంబరం."

తేజశ్రీ సిగ్గుతో తలెత్తలేకపోయింది. ఆ రోజు అడగవలసిన మాట ఇప్పుడు అడిగింది.

"ఆయన పేరేంటండీ?"

జూనియర్లకు ఇద్దామని ఆమె తెచ్చిన జిరాక్సు కట్ట వంక చూశాడు యోసేపు.

"అదంతా ఆయన చేతి రాతేనమ్మా."

అలుక్కుపోయిన మొదటి పేజీలో భీమశంకరం అన్న పేరు కింద, ఆమె వందసార్లు వల్లించిన మొదటి పాఠం ఉంది: "రోగి పేరు అడగకుండా చెయ్యి వెయ్యకు, లేపి కూర్చోబెట్టకుండా కదలకు."