గండుచీమ కాపలా

పేరు చివర జేపీజీ అని కనిపిస్తే చాలు, బొమ్మేనని నమ్మి ఏ ఫైలునైనా సర్వర్లోకి రానిచ్చే మహానుభావులు ఈ కథ వినాలి.

ఒక చీమలపుట్టకి గండుచీమ ఒకటి కాపలా కాసేది. గుమ్మంలోకి ఏది వచ్చినా వాసన చూసేది. చీమ వాసన వస్తే లోపలికి పంపేది, రాకపోతే తరిమేసేది. దానికి తెలిసిన విద్య అంతే.

ఒకరోజు ఒంటి నిండా చీమల వాసన పూసుకుని ఒక గొంగళిపురుగు వచ్చింది.

"మన పిల్లే. గుడ్ల గదిలో పడుకోబెట్టండి" అంది గండుచీమ.

పక్కనే ఉన్న ఒక ముసలిచీమకి ఒళ్లు మండింది. "ఒరే, దాని నోరు ఎంతుందో చూశావా? ముందు బయటి గదిలో ఉంచి, ఏం తింటుందో చూడు. తిన్నగా గుడ్ల మధ్యకేనా?"

"వాసన సరిపోయింది కదవ్వా! నీదంతా చాదస్తం" అని నవ్వింది గండుచీమ. చుట్టూ ఉన్న చీమలూ నవ్వాయి.

మూడు రోజులకి సగం గుడ్లు మాయమయ్యాయి. గొంగళిపురుగు బాగా బలిసింది.

పుట్టంతా గోలగోలగా సభ పెట్టుకుంది. గండుచీమ గొంతు సవరించుకుని, "ఇకమీదట ప్రతిదాన్నీ రెండుసార్లు వాసన చూస్తాను" అని ప్రకటించింది. అన్నీ భేష్ అన్నాయి. గొంగళిపురుగుని గెంటేయాలని మాత్రం ఎవరికీ తోచలేదు. దాని వాసన ఇంకా సరిగ్గానే ఉంది మరి.

ముసలిచీమ సభలోంచి లేచింది. మిగిలిన గుడ్లలో ఒకదాన్ని నోట కరుచుకుని బయటికి నడిచింది.

గుమ్మం దగ్గర గండుచీమ ముసలిచీమని ఆపి, శ్రద్ధగా రెండుసార్లు వాసన చూసింది.