నాలుగో నిమిషం

మొదటి మూడు నిమిషాలూ నాగదుర్గదే పైచేయి. నాలుగో నిమిషంలో వేళ్లు పట్టు వదిలేశాయి.

తనకంటే ఎనిమిది కిలోలు తక్కువున్న పిల్ల ఆమెను లాగి మ్యాట్ మీద పడేసింది.

తణుకులో, వ్యాయామశాల రేకుల షెడ్డులో జరిగే జూడో ప్రాక్టీసు అది. రాష్ట్ర పోటీలకు ఇంక రెండు నెలలే ఉంది.

నాగదుర్గ లేచి గోడ దాకా నడిచింది. మళ్లీ వెనక్కి వచ్చింది. నీళ్లసీసా మూత తీసి, తాగకుండానే పెట్టేసింది. వారంగా ఇంతే. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఎటు వెళ్లాలో తోచదు.

"బలం ఉందమ్మా నీకు. దమ్ము చాలట్లేదు."

గుమ్మంలో యాభై ఏళ్ల మనిషి. చేతిలో గుడ్డసంచి.

"రోజూ పరిగెడుతూనే ఉన్నానండి," అంది విసుగ్గా.

"పరుగు కాళ్లకి. నీకు చేతులు, నడుం, ఊపిరి అన్నీ ఒక్కసారే జారిపోతున్నాయి. వాటిని ఒక్కసారే అలవాటు చెయ్యాలి."

ఆయన లోపలికి వచ్చి, మూలనున్న ఇనుప బార్‌కి బరువు బిళ్లలు తగిలించాడు. అంతా కలిపి పాతిక కిలోలు.

నాగదుర్గకి నవ్వొచ్చింది. తను అరవై ఎత్తగలదు.

"నేల మీంచి ఆరుసార్లు ఎత్తు. వంగి పొట్టకి లాగు, ఆరు. భుజాల మీదికి తెచ్చుకో, ఆరు. అలాగే పట్టుకుని కూర్చుని లే, ఆరు. తల మీదికి తొయ్యి, ఆరు. అన్నీ అయ్యేదాకా బార్ వదలకూడదు. నిమిషన్నర ఆగి మళ్లీ మొదలు. అలా నాలుగు విడతలు."

రెండో విడత సగంలోనే ఆమె మోకాళ్ల మీద కూలబడింది.

"చూశావా? ఇదే నీ నాలుగో నిమిషం," అన్నాడు నెమ్మదిగా.

ఆయన మళ్లీ వచ్చాడు. అప్పట్నించి రోజు విడిచి రోజు వచ్చాడు. నరసాపురం రైలు దిగి, గంటసేపు ఆమె పక్కన నిలబడి లెక్కపెట్టి, తిరుగు రైలుకి వెళ్లిపోయేవాడు. పేరు చిట్టియ్య అన్నాడు. వయసులో ఉండగా బరువులెత్తేవాణ్ణన్నాడు. అంతకుమించి ఆమె అడగలేదు.

మూడో వారంలో ఓ సాయంత్రం, చేతులు మంటలెత్తుతుంటే, నాగదుర్గ బార్‌ని దబ్బున పడేసింది.

"ఇంకో రెండు ఉన్నాయమ్మా."

"నేనేమైపోతే మీకెందుకండి? ఇంతదూరం ఎందుకొస్తున్నారు? మీకేం కావాలి?"

"ఏం వద్దమ్మా. ఆఖరిదాకా నిలబడితే చాలు."

కోచ్ గంగరాజు చెవిన ఆ మాటలు పడ్డాయి. అసలే అతనికి ఈ రాకపోకలు నచ్చడం లేదు.

"ఏవండీ, ఆడపిల్లలు ప్రాక్టీసు చేసే చోటిది. సంబంధం లేనివాళ్లు వచ్చి నిలబడితే బాగోదు. రేపట్నించి రాకండి."

చిట్టియ్య నాగదుర్గ వైపు చూశాడు.

ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆమె తల వంచుకుని అరచేతిలో పొక్కుల్ని చూసుకుంటూ ఉండిపోయింది.

"ఇంకా ఐదు వారాలుంది. మానకమ్మా," అని ఆయన సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

ఆమె మానలేదు. మొదట పంతం కొద్దీ చేసింది. తర్వాత తేడా తెలిసి చేసింది.

రాజమండ్రిలో ఫైనల్. నాలుగో నిమిషంలో ఎదుటి పిల్ల చేతులు సడలాయి. నాగదుర్గ వేళ్లు సడల్లేదు. ఒడిసి పట్టి, నడుం తిప్పి విసిరింది.

మెడలో పతకం పడ్డా ఆమెకి కుదురు లేదు. గ్యాలరీ అంతా వెతికింది. ఆయన రాలేదు.

మర్నాడు పొద్దున్నే నరసాపురం రైలెక్కింది. రేవు దగ్గర నలుగుర్ని అడిగితే ఇల్లు చూపించారు.

తాళం వేసి ఉంది.

పక్కింటి అరుగు మీద లేసు అల్లుకుంటున్న సూర్యకాంతమ్మ తలెత్తింది.

"చిట్టియ్యగారి కోసమాండి? ఇల్లు ఖాళీ చేసి పదిరోజులైందండి. పిల్లకి వైద్యమని ఎవరే ఊరు చెబితే ఆ ఊరు తీసుకెళ్తున్నారు. ఇప్పుడెక్కడున్నారో కబురు లేదు."

"పిల్లా? ఎవరండి?"

"కూతురండి, హారతి. తనూ జూడో ఆడేది. పోయినేడు ఏలూరు పోటీల్లో మెడ మీద పడింది. మరి లేవలేదు."

నాగదుర్గ అరుగు అంచు పట్టుకుంది. ఏలూరులో తను గెలిచింది. ఓడిన పిల్లని స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. ఆ పిల్ల పేరు కూడా అడగలేదు.

"ఆ మంచంలోంచే వాళ్ల నాన్నని ఒకటే పోరేదండి," అంది సూర్యకాంతమ్మ అల్లిక మీంచి చూపు తిప్పకుండా. "'తణుకు వెళ్లు నాన్నా, నన్ను విసిరిన ఆ అక్కకి కూడా ఆఖర్లో నాలాగే ఊపిరందలేదు, రేపు తనూ ఇలా పడిపోతుంది' అని."