స్విచ్చికి కట్టిన తువ్వాలు

ప్రొద్దుటూరులోని ఆ బట్టల షోరూంకు చల్లగాలి పంపే యంత్రం గదంత ఇనుప పెట్టె. లోపల నిలువెత్తు ఫ్యాను. కొట్టు మూశాకే శుభ్రం చేయాలి. మనిషి లోపలికి దూరేముందు మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. మెకానిక్ ఆదినారాయణ మాత్రం ఎప్పటిలాగే స్విచ్ ఆపి, తాళానికి బదులు దాని పిడికి తన ఎర్ర తువ్వాలు కట్టాడు.

“తాళం యాడప్పా?” అన్నాడు వాచ్‌మన్ నారాయణస్వామి.

“నా తువ్వాలు ముట్టే మొగోడు ఎవడుండాడు మామా?”

“శానా చెప్తావులే. షట్టర్‌కు తాళమేసి, టీ తాగొస్తా. ఈడ నువ్వొక్కడివే.”

ఆదినారాయణ లోపల ఫ్యాను రెక్కలు తుడుస్తుండగా వెనక ఆ పెట్టె తలుపు మూసుకుంది. బయట గడియ పడింది.

“మామా, ఎగతాళి చాల్లే!”

తలుపు నెట్టాడు, కదల్లేదు. ఫోను బయట సంచిలో ఉండిపోయింది.

తలుపు కింది సందులోంచి ఏదో మెల్లగా లోపలికి జరిగింది. టార్చి వేశాడు. ఎర్ర తువ్వాలు. ముడి విప్పి, నీటుగా నాలుగు మడతలు పెట్టి ఉంది.

“మామా, దండం పెడతా...”

రెక్కల్ని రెండు చేతులా పట్టుకున్నాడు. గాలిగొట్టం గుండా, దూరంగా వీధిలోని టీ బంకు దగ్గర నారాయణస్వామి నవ్వు వినిపించింది.

తలుపు అవతల స్విచ్ పిడి కిర్రుమంది.