తొమ్మిదో నంబరు

"ఏయ్ తొమ్మిదో నంబరూ! మోకాళ్ళు అరువు తెచ్చుకున్నావా? వంగవే పిల్లా!"

మళ్ళీ ఆవిడే.

డెల్ఫీనా పళ్ళు నూరింది.

లాస్ క్రూసెస్ ఊరి హాల్లో కుర్చీలన్నీ దాదాపు ఖాళీ. అన్నీ వదిలేసి ఆ మనిషి ప్రతి ఆటకీ వచ్చి సరిగ్గా డెల్ఫీనా వెనకే, చివరి గీత అవతల కూర్చుంటుంది. జట్లు వైపులు మారితే తనూ కుంటుకుంటూ అటు మారుతుంది. వేయించిన పిన్యోన్ గింజలు కొరుకుతూ తొక్కలు కిందికి ఊస్తుంది. నోరు ఖాళీ అయినప్పుడల్లా తిడుతుంది.

డెల్ఫీనాకి అసలే ఒళ్ళు మండిపోతోంది.

ఆడా మగా కలిసి ఆడే వాలీబాల్ లీగ్ అని నాలుగేళ్ళ కిందట ఊరంతా డప్పు కొట్టారు. కోర్టులో నలుగురు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు. నెట్ దగ్గర ఎగిరి కొట్టేది వాళ్ళు, వెనక నేలమీద పడి బంతిని లేపేది వీళ్ళు. మోచేతులు చెక్కుకుపోయేది వీళ్ళకి, చప్పట్లు వాళ్ళకి. గోడమీది పోస్టర్లో నలుగురి పేర్లూ పెద్దక్షరాల్లో ఉంటాయి. వెనక మసగ్గా నిలబడ్డ ఇద్దరికీ పేర్లే ఉండవు.

ఇంత అన్యాయమైనా డెల్ఫీనాకి ఈ ఆటే కావాలి. మళ్ళీ మిరపకాయల షెడ్డుకి పోయి కాయలు ఏరడమంటే ఆమెకి ప్రాణం పోయినట్టే.

ఇవాళ గెలిస్తే ఫైనల్. ఫైనల్‌కి వెళ్తే ఇంకో ఏడాది జట్టుని నడుపుతానన్నాడు యజమాని. ఓడితే ఇంతటితో మూత.

సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన జట్టులో ఒక ఎడమచేతివాడున్నాడు. వాడు ఎగిరి కొట్టాడు. బంతి డెల్ఫీనా భుజం మీదికి దూసుకొచ్చింది.

"వదిలెయ్!"

బూట్ల చప్పుళ్ళ మధ్య వెనకనుంచి కేక. డెల్ఫీనా చేతులు లాగేసుకుంది. బంతి గీత అవతల పడింది.

పక్క మూలలో ఉన్న వెర్నా వైపు చూసి బొటనవేలు ఎత్తింది డెల్ఫీనా. ఈ సీజనంతా ఆ కేకే ఆమెని కాపాడుతోంది. వెర్నా కూడా నవ్వి బొటనవేలు ఎత్తింది.

"పళ్ళికిలించింది చాలు! మా అమ్మమ్మ నీకంటే కిందికి వంగుతుంది!"

డెల్ఫీనాకి ఇక తిక్క రేగింది. విరామం రాగానే గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"యుసేబియో బాబాయ్, ఆవిణ్ణి బయటికి పంపుతావా, నన్ను పొమ్మంటావా?"

"టిక్కెట్టు కొనుక్కుందమ్మా. ఉన్నదే పిడికెడు జనం."

"అందులో ఒకరు తగ్గితే కొంపేం మునగదులే. మగాళ్ళు బంతి నెట్‌లో కొట్టినా నోరెత్తదు. నా మీద పడే ఏడుస్తుందేం?"

యుసేబియో గుమ్మం దగ్గర టిక్కెట్లు చూసే పనికి కొత్తగా చేరినవాడు. కోచ్ వైపు చూశాడు. పంపెయ్యమన్నట్టు కోచ్ చెయ్యి ఊపాడు.

ఆ మనిషి గొడవేమీ చెయ్యలేదు. గింజల పొట్లం మడిచి సంచిలో పెట్టుకుంది. కుంటి కాలు ఈడ్చుకుంటూ వచ్చి డెల్ఫీనా ముందు ఆగింది.

"పోతాలే. మరి నీ వెనక ఎవరుంటారే?"

"గోడ ఉందిగా. అది నోరెత్తదు."

ఆవిడ సంచి భుజానికి తగిలించుకుంది. వెళ్ళిపోయింది.

"పీడా పోయింది," అంది వెర్నా.

నిజంగానే హాలంతా ప్రశాంతంగా అనిపించింది. ఆట మాత్రం చివరిదాకా నువ్వా నేనా అన్నట్టు సాగింది. ఇంకొక్క పాయింటు పోతే అంతా పోయినట్టే.

ఎడమచేతివాడు ఎగిరాడు.

బంతి మళ్ళీ భుజం మీదికే వచ్చింది.

డెల్ఫీనా కేక కోసం చూసింది. రాలేదు. అంటే లోపల పడే బంతే అనుకుంది. చేతులు అడ్డం పెట్టింది. బంతి చేతికి తగిలి వెనక గోడకి కొట్టుకుంది.

లైన్ దగ్గరి మనిషి అవుట్ అని అప్పటికే జెండా లేపుతున్నాడు. చెయ్యి తగిలిందని చూసి, పాయింటు అవతలివాళ్ళదేనని దించేశాడు.

ఆట పోయింది. జట్టు పోయింది.

"ఎందుకు అరవలేదే?" డెల్ఫీనా వెర్నా మీదికి వెళ్ళింది. "వదిలెయ్ అని ఒక్క మాట! ఈ ఒక్కసారి ఎందుకు చెప్పలేదు?"

వెర్నా తెల్లబోయింది.

"నేనెప్పుడు అరిచాను? నువ్వే కదా అరిచేది! నీకు నువ్వే చెప్పుకుంటున్నావనుకున్నాను."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. తర్వాత ఒకేసారి వెనక్కి తిరిగారు. ఖాళీ కుర్చీ. దాని కింద పిన్యోన్ తొక్కలు.

డెల్ఫీనా గుమ్మం దగ్గరికి పరిగెత్తింది.

"బాబాయ్, ఆవిడేదీ?"

"ఎప్పుడో బస్సెక్కేసింది."

"పేరేంటి?"

"ఎవరడిగారమ్మా?"

యుసేబియో అప్పటికే గోడమీది పోస్టర్లు పీకుతున్నాడు. రేపట్నుంచి హాలు ఎద్దులమీద స్వారీ చేసే రోడియో వాళ్ళదట. వీళ్ళు కన్నీళ్ళు తుడుచుకునేదాకా కూడా ఆగలేకపోయారు!

ఒక పోస్టర్ కింద ఇంకోటి. ఏ ఏడాదికా ఏడాది పాతదాని మీదే కొత్తది అంటించారు. ఒక్కొక్కటే చిరిగి కింద పడుతోంది. అట్టడుగున లీగ్ మొదలైన ఏడాది పోస్టర్ బయటపడింది. నలుగురు మగవాళ్ళు, కింద నాలుగు పేర్లు.

"ఆగు బాబాయ్, అది చింపకు!"

డెల్ఫీనా చేత్తో దుమ్ము తుడిచింది.

ఆ నలుగురి వెనక, తొమ్మిదో నంబరు జెర్సీ వేసుకుని, రెండు కాళ్ళ మీదా గట్టిగా నిలబడి, నోరంతా తెరిచి కేక పెడుతున్న పేరులేని మనిషి ఆవిడే.