పదిహేడో స్లైడు

ఆ రోజు చేయాల్సిన పనులు ల్యాబు తలుపు వెనక కాగితం మీద రాసి ఉన్నాయి. సీసాల్లో పెరుగుతున్న కణాలకు ద్రవం మార్చాలి. ఇంక్యుబేటర్ అడుగు పళ్ళెంలో నీళ్ళు నింపాలి. మైక్రోస్కోపు కటకానికి అంటిన నూనె తుడవాలి. గ్లౌజులు అయిపోయాయని ఆఫీసుకి రాయాలి. అన్నిటికంటే కింద, ఎర్ర సిరాతో, ల్యాబు నడిపే మేడం చేతిరాత: పదిహేడో స్లైడు మళ్ళీ లెక్కపెట్టాలి.

'మళ్ళీ' కింద రెండు గీతలున్నాయి. అది చూసేసరికి లెక్కల పిల్లకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ స్లైడు ఇప్పటికే రెండుసార్లు లెక్కపెట్టింది.

ల్యాబులో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. రోగుల కణితుల నుంచి వచ్చిన ముక్కల్లో ఎన్ని కణాలు రెండుగా చీలే పనిలో ఉన్నాయో లెక్కపెట్టడమే ఆమె పరిశోధన. అంకె ఎంత పెద్దదయితే కణితి అంత వేగంగా పెరుగుతున్నట్టు. మొత్తం ఇరవై నాలుగు స్లైడులు. ఒక్కోదాని మీద అంకె తప్ప ఇంకేమీ ఉండదు. ఏది ఎవరిదో రాసిన కాగితం కవరులో పెట్టి, అంటించి, కోతల బాబాయ్ సొరుగులో దాచారు. లెక్క ముగిసేదాకా దాన్ని తెరవకూడదు. ఎవరిదో తెలిస్తే కన్ను తనకి కావలసిందే చూస్తుందని మేడం మొదటి రోజే చెప్పింది.

కోతల బాబాయ్ మైనంలో బిగించిన ముక్కల్ని వెంట్రుక కన్నా సన్నగా కోస్తాడు. నోటితో కోసే కోతలకి మాత్రం కొలత లేదు.

"మేడంకి నా మీద నమ్మకం లేదు బాబాయ్. ఇరవై మూడింటికి రాని అనుమానం దీనికొక్కదానికే ఎందుకొచ్చింది?" అంది.

ఇంకో రోజయితే ఆయన తన చిన్నప్పటి కథ ఒకటి ఎత్తుకునేవాడే. ఆవేళ బ్లేడు తుడుచుకుంటూ, తలెత్తకుండా "లెక్కపెట్టమ్మా" అన్నాడంతే.

నిజానికి పదిహేడో స్లైడంటే ఆమెకి ముద్దు. మిగతా వాటిలో చీలుతున్న కణం ఒక్కటి దొరకాలంటే కళ్ళు కాయలు కాచేవి. ఇందులో ఎటు చూస్తే అటే. ఒకచోట క్రోమోజోములు నడుమ బారులు తీరి నిలబడ్డాయి. ఇంకోచోట దారాలు కట్టి లాగినట్టు చెరో పక్కకీ జరిగిపోతున్నాయి. ఫొటో తీసి, తన పరిశోధన పుస్తకం అట్ట మీద ఇదే వేద్దాం అని మేడంకి చూపించింది కూడా. మేడం చాలాసేపు చూసి, అందంగానే ఉంది అని ఊరుకుంది.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. పది చోట్ల కలిపి నలభై ఒకటి. మొదటిసారీ అంతే, రెండోసారీ అంతే. కాగితం పట్టుకుని మేడం గదిలోకి వెళ్ళింది.

"ముడుచుకుని చచ్చిపోయిన కణాలు కూడా ఇలాగే నల్లగా కనిపిస్తాయి. వాటినీ కలిపేశావేమో" అంది మేడం.

"అవి తొమ్మిదున్నాయి మేడం. వదిలేశాను."

"రంగు ఎక్కువ పట్టిందేమో."

"పదహారుకీ, పద్దెనిమిదికీ అదే రోజు వేసిన రంగే మేడం."

మేడం కాగితం అందుకుని అంకె చూసింది. "కొంచెం కూడా తగ్గదంటావా?"

లెక్కల పిల్ల కూడా ఆ అంకె వైపే చూసింది. ఈ అంకె తప్పయితే ఇరవై నాలుగూ తప్పే. రెండేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టే. వాళ్ళింట్లో పదో తరగతి దాటినది తనొక్కతే. అయినా అనేసింది.

"మీకు నచ్చలేదని నేను తగ్గించలేను మేడం. నలభై ఒకటంటే నలభై ఒకటే."

ఇక తిట్లే అనుకుని తలొంచుకుంది. మేడం కుడిచేత్తో కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఎడమ చెయ్యి, ఈ నెల రోజులుగా ఉంటున్నట్టే, ఒళ్ళో కదలకుండా ఉంది.

"తగ్గించొద్దమ్మా. నీ కన్ను తప్పదని నాకు తెలుసు. ఈ ఒక్కసారికి తప్పితే బాగుండుననుకున్నాను."

లెక్కల పిల్ల చెవికి అందులో మొదటి సగమే ఎక్కింది. మేడం నోట అంత మాట విని, ఆమె కాళ్ళు నేల మీద ఆనలేదు.

"ఇక వెళ్ళి బాబాయ్‌ని కవరు ఇమ్మను" అంది మేడం.

పరుగులాంటి నడకతో వెళ్ళింది. బాబాయ్ సొరుగులోంచి కవరు తీశాడు గానీ, వెంటనే చేతికివ్వలేదు. వెంట్రుక కన్నా సన్నగా కోసే ఆ చేతులు దాని అంచుని వదల్లేదు. ఆమె నవ్వుతూ లాక్కుని చింపింది. ఒకటి, రెండు, మూడు అనుకుంటూ వేలు కిందికి జరుపుకుంటూ పోయింది. పదిహేడు దగ్గర వేలు ఆగింది. నవ్వు ఆగింది.

ఆ పుస్తకం అట్ట మీద బొమ్మేమీ వేయలేదు. ఏ గ్రంథాలయంలోనైనా అది మీ చేతికొస్తే, పట్టికలో పదిహేడో వరుస దగ్గర ఒక్క క్షణం ఆగండి. పేరుండదు. స్త్రీ, యాభై రెండేళ్ళు, నలభై ఒకటి అని మాత్రం ఉంటుంది. మూడుసార్లు లెక్కపెట్టించి కూడా ఒక్కటైనా తగ్గించనివ్వని మేడంని అక్కడ తలచుకోండి. ఆ ముక్క ఆవిడ ఒంట్లోంచి కోసిందే.