గాయపాకు

"మీ నాన్న కాలు మోకాలి కింద ఈరోజే తీసెయ్యాలి. రేపటికి విషం తొడ దాకా పాకుతుంది. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు," అంది డాక్టర్ నసీమున్నీసా.

భవ్య చేతిలోని గాజు ప్లేటు ఎత్తి చూపించింది. "ఇవి మా నాన్న పుండులోంచి తీసిన క్రిములే మేడమ్. మీ ఇంజక్షన్లు ఒక్కటీ వీటిని చంపలేదు. ఈ చుక్క చుట్టూ చూడండి, ఎంత తేటగా ఉందో, ఒక్క క్రిమీ బతకలేదు! ఇది గాయపాకు రసం. మా మిరపచేను గట్టు మీదది."

"ప్లేటులో చచ్చినవి ఒంట్లోనూ చస్తాయా? నువ్వూ ల్యాబులో పనిచేసేదానివేగా, ఒక్కసారి చూసి నమ్మేస్తావా?"

భవ్యకు ఒళ్ళు మండింది. కొయ్యడానికి ఎంత తొందర వీళ్ళకి! కాలు లేకపోతే నాన్న చేలోకి ఎలా దిగుతాడు?

మంచం మీద పేరయ్య మూలుగుతూనే నవ్వాడు. "మా అమ్మాయి చదువుకుంది డాక్టరమ్మా. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? పదమ్మా, ఇంటికి పోదాం."

మధ్యాహ్నానికి కారు గుంటూరు దాటింది. పుండు మీద భవ్య తన చేత్తో పట్టించిన ఆకుపసరు ముద్ద ఉంది. వాసన మాత్రం తగ్గలేదు. నలుపు మోకాలు దాటినట్టు అనిపించింది. ఆశ చదువుకున్నవాళ్ళ కళ్ళకు కూడా గంతలు కడుతుంది. ఆకు పనిచెయ్యడానికి కాస్త టైము పడుతుందిలే అనుకుని చూపు తిప్పుకుంది.

ప్రత్తిపాడు దగ్గర ఫోన్ మోగింది. కాలేజీ ల్యాబులో తనతో పనిచేసే అనిల్ కుమార్.

"భవ్యా, మన కాలేజీ వెనకాల మొలిచిన గాయపాకుతో మళ్ళీ పరీక్ష చేశా. ఒక్క క్రిమి కూడా చావలేదు! మొక్క అదే, రసం తీసిన పద్ధతీ అదే. మీ గట్టు ఆకులో ఏముందో నాకు అర్థం కావట్లేదు."

భవ్య ఫోన్ పెట్టేసి తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, బయటి ఆకు పనిచెయ్యలేదంట. మన గట్టుదే ఎందుకు పనిచేసింది?"

అంత నొప్పిలోనూ పేరయ్య ముఖం గర్వంతో వెలిగింది.

"పిచ్చిపిల్లా, బయటి ఆకుని పట్టించుకునేదెవరు? మన గట్టు మీదదానికైతే, మిరపకి తెగులు మందు కొట్టినప్పుడల్లా అదే మందు ఆకు తడిసేదాకా కొడతా కదే!"